ఫ్యాన్ ఆపితే సగం ప్రీయాంప్ కొన్నట్టే

(కడపలో, ఇంట్లోనే పాటలూ కథలూ రికార్డు చేసుకునే పిల్లల కోసం ఒక సాయంత్రం జరిగిన కూడికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాటల్లోని యాసను పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూచున్నోళ్లకు వినబడుతోందా? వినబడకపోతే ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు మాత్రం పెంచను. పెంచితే ఏమవుతుందో చెప్పడానికే వచ్చినా. (నవ్వులు)

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పదివేల లోపల మంచి మైక్ ప్రీయాంప్ ఒకటి చెప్పు" అన్నాడు. ఏ మైకు నాయనా అంటే, ఇంకా కొనలేదన్నాడు. గది ఎట్లుంటుంది అంటే, "గదే అన్నా, మామూలు గది" అన్నాడు. మన సీమలో బోరు వేయించిన రైతు మోటారు అంగడికి పోయి "మంచి మోటారు ఒకటియ్యి" అంటాడా? నీళ్లు ఎన్ని అడుగుల్లో పడినాయి, పైపు ఎంత లావు, తోట ఎంత దూరం, ఇవన్నీ నాలుక చివర పెట్టుకునే పోతాడు. అంగడాయన హెచ్‌పీ సంగతి ఆ తర్వాత చెప్తాడు. ప్రీయాంప్ కూడా మోటారే. నీళ్లు పుట్టించదు, ఉన్న నీళ్లను పైకి లాగుతుంది. కింద బురద ఉంటే బురదనూ లాగుతుంది.

మైకులో పుట్టే కరెంటు చానా చిన్నది. గట్టిగా పాడితే వోల్టులో వెయ్యో వంతు, అంటే ఒక మిల్లీవోల్టు. మామూలుగా మాట్లాడితే అందులో పదో వంతు. కంప్యూటర్ దాన్ని అంకెలుగా మార్చుకోవాలంటే ముందు ఒక వోల్టు దరిదాపుకు తేవాల. వెయ్యి రెట్లు పెంచాల. గోరంతను కొండంత చేసినావు అని మనం తిడతామే, ఆ పనినే ఈ ప్రీయాంప్ జీతం తీసుకోని చేస్తుంది. చిక్కేందంటే, కొండంత అయ్యేది గోరు ఒక్కటే కాదు. గోటి కింద మట్టి కూడా కొండంత అవుతుంది.

డెసిబెల్ అంటే భయపడొద్దు. నాలుగు అంకెలు గుర్తుంటే చాలు. 6 డెసిబెల్స్ అంటే రెండింతలు. 20 అంటే పదింతలు. 40 అంటే నూరు. 60 అంటే వెయ్యి. నేను వోల్టుల లెక్కలో చెప్తున్నా. గెయిన్ అంటే ఎంత పెంచగలదనే లెక్క. "ఈ ప్రీయాంప్ గెయిన్ 60 డెసిబెల్స్" అని డబ్బా మీద ఉందంటే, మిల్లీవోల్టును వోల్టు చేయగలదని అర్థం.

ఇప్పుడు బోరు లోతు చూద్దాం. ప్రతి మైకుకూ సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 94 డెసిబెల్స్ శబ్దం, అంటే ఒక పాస్కల్ ఒత్తిడి, తగిలితే మైకు ఎంత కరెంటు ఇస్తుందనేది ఆ లెక్క. షూర్ ఎస్‌ఎం58 ఉంది గదా, భజన మందిరం నుంచి సినిమా పాటల కచేరీ దాకా యాడ చూసినా కనబడేది, అది 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. పాడ్‌కాస్టుల్లో అందరి మూతుల ముందూ నల్లగా వేలాడుతుంటుందే, ఎస్‌ఎం7బి, అది 1.12. ఇవి డైనమిక్ మైకులు, అంటే లోపలి తీగచుట్ట కదిలి కరెంటు పుట్టించేవి. బయటి నుంచి కరెంటు అందిస్తేనే పనిచేసే కండెన్సర్ మైకులకు వస్తే ఆడియో టెక్నికా ఏటీ2020 ఇచ్చేది 14.1. రోడ్ ఎన్‌టీ1-ఏ 25. ఎస్‌ఎం7బికీ ఎన్‌టీ1-ఏకూ మధ్య ఇరవై రెండింతల తేడా. అంటే సుమారు 27 డెసిబెల్స్. ఒకటి ఎనిమిది వందల అడుగుల బోరు, ఇంకొకటి ఇంటి వెనక చేదబావి. రెండిటికీ ఒకే మోటారు అడిగితే అంగడాయన ఏం చెప్తాడు?

ఎస్‌ఎం7బికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని షూర్ కంపెనీనే చెప్తుంది. ఏటీ2020 అయితే మామూలు మాటకు 30, 40 దగ్గర ఆగిపోవచ్చు. కాబట్టి కండెన్సర్ మైకు ఉన్న పిల్లలు ప్రీయాంప్ గురించి నిద్ర పాడు చేసుకోవాల్సిన పనే లేదు. మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె ఉంటుందే, ఆ ఇంటర్‌ఫేస్‌లో ఉన్న ప్రీయాంపే చాలు. ఇక్కడితో లేచి ఇంటికి పోయినా నేనేమీ అనుకోను. (నవ్వులు) కానీ కూచోండి, మీ గది గురించి చెప్పాల్సింది చానా ఉంది.

ముందు నా తెలివితక్కువ కథ ఒకటి చెప్తా.

నేను మొదట్లో నాటకాలకూ హరికథలకూ సౌండు చూసేవాణ్ని. తర్వాత మిద్దె మీది గదిలో ఇంటర్‌ఫేస్ ఒకటి పెట్టుకోని రికార్డింగు మొదలుపెట్టినా. మైదుకూరు దిక్కు పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. బ్రహ్మంగారి తత్వాలు పాడుతుంది. పుస్తకం చూసి కాదు, వాళ్లమ్మ పాడితే విని నేర్చుకున్నది. గొంతు సన్నం. మైకు దగ్గరికి రమ్మంటే సిగ్గు, మూరెడు దూరంలో కూచుంటుంది. నేను డైనమిక్ మైకు పెట్టి గెయిన్ మొత్తం తిప్పినా. అవ్వ పాట వచ్చింది, దాంతో పాటు పాము బుస కూడా వచ్చింది. కింద సన్నగా గుయ్‌మని ఇంకో మోత.

నాకేమనిపించింది? ఈ ఇంటర్‌ఫేస్‌లో ప్రీయాంప్ చౌకది, అందుకే బుస అనుకున్నా. ఒక అంగట్లో అడిగితే, "విడిగా ట్యూబ్ ప్రీయాంప్ తీసుకో, గొంతుకు వెచ్చదనం వస్తుంది" అన్నారు. ట్యూబ్ అంటే పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వు మాదిరిది. ముందు అద్దంలో నారింజ రంగు దీపం వెలుగుతుంటుంది, చూస్తే దేవుడి గూడు మాదిరి ముద్దుగా ఉంది. కొన్నా. ఆ రోజుల్లో నాకది చానా డబ్బు. తెచ్చి తగిలించి అవ్వను మళ్లీ పిలిపించినా. బుస అట్లే ఉంది. ఈసారి వెచ్చగా ఉంది, అంతే. (నవ్వులు)

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు కరెంటు పోయింది. ఎండాకాలం, మన ఊరి ఎండ సంగతి మీకు చెప్పేదేముంది. ట్యూబ్ పెట్టెకు అడాప్టర్ కావాల గనక అది ఆరిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, ఇంటర్‌ఫేస్‌కు యూఎస్‌బీ నుంచే కరెంటు. ఊరికే కూచోవడం ఎందుకని మైకును తిరిగి ఇంటర్‌ఫేస్‌కే పెట్టి, "అవ్వా, ఇంకొకటి పాడు" అన్నా. చెమటలు కారుతుంటే అవ్వ పాడింది. హెడ్‌ఫోన్లో విని నేను నోరు తెరిచినా. బుస నూటికి ఎనభై పాళ్లు లేదు. గుయ్‌మనే మోత అసలు లేదు. అదే మైకు, అదే అవ్వ, నేను చౌకదని ఈసడించిన అదే ప్రీయాంప్. ఆగిపోయినవి ఏమిటి? సీలింగ్ ఫ్యాన్, కింద ఇంట్లో ఫ్రిజ్, ల్యాప్‌టాప్ చార్జర్. నేను పోసిన డబ్బు ఫ్యాన్ గాలికి పోయింది.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకుంటారేమో, లెక్క వేసి చూపిస్తా. కాగితం ఉంటే రాసుకోండి. ప్రీయాంప్ తనకు తానుగా పుట్టించే బుసకు ఒక కొలత ఉంది, ఈఐఎన్ అంటారు. మైనస్ 128 డీబీయూ అని ఇట్లా ఉంటుంది. ఎంత కిందికి పోతే అంత మంచిది. ఇప్పుడొచ్చే మామూలు ఇంటర్‌ఫేస్‌లలో ఇది మైనస్ 125కూ మైనస్ 129కూ నడుమ ఉంటుంది. సరే, 128 తీసుకుందాం. డీబీయూ, డీబీవీ రెండూ వోల్టులను డెసిబెల్స్‌లో చెప్పే కొలతలే. మైనస్ గుర్తు పక్కన పెట్టి, డీబీయూను డీబీవీ చేయడానికి రెండు కలపండి, 130. ఎస్‌ఎం58 సెన్సిటివిటీ మైనస్ 54.5 డీబీవీ. అర వదిలేసి, 130 నుంచి 54 పోతే 76. 94 నుంచి 76 తీసేస్తే 18. అర్థమైందా? ఆ ప్రీయాంప్ బుస ఎంతంటే, మైకు ముందు 18 డెసిబెల్స్ శబ్దం ఉన్నట్టు. ఎస్‌ఎం7బితో వేస్తే 23 దాకా వస్తుంది. ఏటీ2020తో వేస్తే ఒకటి! ఆ మైకు సొంత బుసే 20 ఉంది, కాబట్టి ఆ ఒకటి ఉన్నా లేనట్టే.

ఇక మీ గది ఎంత? రాత్రి పొద్దుపోయినాక, తలుపులు మూసి, ఫ్యాన్ ఆపితే 30 దగ్గరికి రావచ్చు. ఫ్యాన్ తిరుగుతుంటే 40 దాటుతుంది. ప్రీయాంప్ 18, ఫ్యాన్ 40. ఇరవై రెండు డెసిబెల్స్ తేడా, పదింతల పైన. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మనోళ్లు ఊరికే అన్లేదు. ఇంట్లో ఫ్యాన్ మోత పెట్టుకోని మనం బయట పల్లకీ కోసం తిరుగుతున్నాం.

ఇంకొక మాట. 150 ఓముల రెసిస్టర్ ఒకటి ఊరికే బల్ల మీద పెట్టినా, గది వేడికి దానిలో ఎలక్ట్రాన్లు కదిలి కొంత బుస పుడుతుంది. అది సుమారు మైనస్ 131 డీబీయూ. మైకు కాయిల్‌కు కూడా ఇంచుమించు అంత రెసిస్టెన్స్ ఉంటుంది. దానికంటే కిందికి ఏ ప్రీయాంపూ తీసుకుపోలేదు. చౌక ఇంటర్‌ఫేస్ మైనస్ 128 దగ్గర ఉందంటే ప్రకృతి గీసిన గీతకు మూడు డెసిబెల్స్ దూరంలో ఉంది. లక్ష రూపాయల పెట్టె కొన్నా ఆ మూడే మిగిలింది. అది కూడా ఫ్యాన్ ఆగినాక వినబడాల్సిందే.

అయితే ఈ ఈఐఎన్ అంకెను కళ్లు మూసుకోని నమ్మొద్దు. కొందరు ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి కొలుస్తారు, కొందరు 150 ఓములు పెట్టి కొలుస్తారు. షార్ట్ చేస్తే అంకె అందంగా వస్తుంది. కొందరు చెవికి తగ్గట్టు తూకం వేసిన కొలత ఇస్తారు, పక్కన ఏ అనే అక్షరం ఉంటుంది చూడండి. ఒక కంపెనీ 129, ఇంకొక కంపెనీ 127 అంటే ఆ రెంటికీ కొట్లాట పెట్టడం వృథా.

మరి కొనేటప్పుడు ఏం చూడాల? నేను మొదట చూసేది గెయిన్ ఎంత అని. పేరు చూసి మోసపోవద్దు. ఫోకస్‌రైట్ కంపెనీ ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో 56 డెసిబెల్స్, నాలుగో తరంలో 69. అదే నాలుగో తరం సోలోలో 57. అన్నీ ఎర్ర డబ్బాలే, అన్నిటి మీదా స్కార్లెట్ అనే ఉంటుంది. ఎస్‌ఎం7బి పెట్టుకోని సోలో కొన్నోడు "నాది పాడైంది" అని నా దగ్గరికి వస్తాడు. పాడు కాలేదు నాయనా, తాడు చాల్లేదు. మోటు ఎం2లో 60 ఉంది, ఆడియెంట్ ఐడీ4 రెండో రూపంలో 58. ఇవి డబ్బా మీద, కంపెనీ కాగితాల్లో రాసే ఉంటాయి. డైనమిక్ మైకుతో మాటలు రికార్డు చేసేటోళ్లు 60కి తక్కువ చూడొద్దు. గట్టిగా పాడేటోళ్లకు 50, 55 చాలు.

రెండోది, నాబ్ చివరి భాగం. చౌక వాటిలో నాబ్ ముప్పాతిక తిరిగినా ఏమీ పెరగదు, చివరి చిటికెడులో ఒక్కసారిగా మీదపడుతుంది. ఎందుకో చెప్తా, ఇది నాకు ఇష్టమైన సంగతి. చానా ప్రీయాంపుల్లో గెయిన్‌ను నిర్ణయించేది ఒక్క రెసిస్టర్. ఉదాహరణకు దట్ 1510 అనే చిప్ ఉంది. దానిలో గెయిన్ 40 కావాలంటే ఆ రెసిస్టర్ సుమారు నూరు ఓములు ఉండాల, 60 కావాలంటే పది ఓములు. కింది గెయిన్లకు వేల ఓములు. అంటే వేల ఓముల నాబులో, నూరు నుంచి పదికి దిగే ఆ చిన్న ముక్కలోనే 20 డెసిబెల్స్ దాక్కొని ఉన్నాయి. దానికి తగ్గట్టు వంపు ఉన్న మంచి నాబ్ పెట్టినోళ్లది సాఫీగా తిరుగుతుంది. లేనోళ్లది చివర ఎగిరి దూకుతుంది. అంగట్లో మైకు పెట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకోని, చివరి పావు భాగం మెల్లగా తిప్పి చూడండి. కరకర అన్నా, ఒక్కసారిగా బుస లేచినా వదిలేయండి.

మూడోది ఫాంటమ్ పవర్, అంటే కండెన్సర్ మైకుకు కేబుల్ గుండానే పంపే కరెంటు, ఆ 48 వోల్టుల బటన్. ఈ 48 ఎట్లా వచ్చిందో తెలుసా? 1966లో జర్మనీ న్యూమాన్ కంపెనీ నార్వే రేడియో వాళ్లకు కేఎం84 అనే మైకు చేసిచ్చింది. నార్వేలో చలికాలం పగలే చీకటి. స్టూడియోలో అత్యవసర దీపాల కోసం అప్పటికే 48 వోల్టుల లైను ఉంది. దాన్నే మైకుకూ వాడుకుందాం అన్నారు. అదే ప్రపంచమంతా పాకింది. అక్కడ చీకటికి పెట్టుకున్న కరెంటు ఇక్కడ మన తత్వాలకు పనికొస్తోంది! నియమం ప్రకారం అది 44కూ 52కూ మధ్య ఉండాల. చౌక పెట్టెల్లో అంతకంటే తక్కువ ఇచ్చేవీ ఉంటాయి. మల్టీమీటర్ తెచ్చుకోని ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల మైకు కేబుల్ కొసన ఒకటో పిన్నుకూ రెండో పిన్నుకూ, మళ్లీ ఒకటికీ మూడుకూ పెట్టి కొలవండి, రెండు నిమిషాల పని. డైనమిక్ మైకుకు మంచి కేబుల్ ఉంటే ఈ 48 దానిలోకి వెళ్లినా ఏమీ కాదు. లోపల సన్నని లోహపు రేకు ఉండే పాత రిబ్బన్ మైకు ఉంటే మాత్రం ఆ బటన్ జోలికి పోవద్దు.

ల్యాప్‌టాప్‌లో గులాబీ రంగు రంధ్రంలో ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు దూర్చేవాళ్లు కూడా ఈ సభలో ఉంటారు. (నవ్వులు) చెయ్యెత్తాల్సిన పన్లేదు. అందులో వచ్చేది రెండు మూడు వోల్టులు, 48 కాదు. బీఎం800 అనే చౌక కండెన్సర్ మైకు బాలేదని తిట్టేవాళ్లలో సగం మంది దాన్ని అందులోనే పెట్టి తిడుతుంటారు.

ఇప్పుడు విడి ప్రీయాంప్ సంగతి. మీ ఇంటర్‌ఫేస్ పనిచేస్తున్నప్పుడు విడిగా ఒకటి ఎప్పుడు కొనాలంటే, నా లెక్కలో దాదాపు ఎప్పుడూ వద్దు. కొన్నా దాన్ని ఇంటర్‌ఫేస్ మైకు రంధ్రానికే పెడితే ప్రీయాంప్ మీద ప్రీయాంప్ ఎక్కుతుంది. అప్పటికే పెంచిన శబ్దాన్ని తీసుకునే లైన్ ఇన్‌పుట్‌కు పెట్టాల. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో లైన్ దారి కూడా తిరిగి అదే ప్రీయాంప్ గుండా పోతుంది, అప్పుడు కొన్న లాభం ఇంకా తగ్గుతుంది. ట్యూబ్ అంటారా, 12ఏఎక్స్7 ట్యూబు వందల వోల్టుల మీద బతికే ప్రాణి. 12 వోల్టుల అడాప్టరుతో నడిచే చౌక పెట్టెల్లో దానికి చానా సార్లు అర్ధాకలే. అది ఇచ్చే "వెచ్చదనం" కొంచెం వంకర, అంటే డిస్టార్షన్. వంకర కావాలనుకుంటే తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వేసుకోవచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు. పెట్టెతో వేసింది పోదు. 1970లో వచ్చిన నీవ్ 1073 అనే ప్రీయాంప్ మాదిరి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి నిజంగానే గొప్పవి, ఆ రంగు వేరు. దాన్ని కాదనను. కానీ ఆ రంగు పూయడానికి ముందు గోడ ఉండాల గదా.

పనికొచ్చే చిన్న సాధనం ఒకటుంది, ఇన్‌లైన్ బూస్టర్. క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటివి. బొటనవేలంత నుంచి అరచెయ్యంత ఉంటాయి, ఫాంటమ్ కరెంటుతోనే నడిచి 25, 27 డెసిబెల్స్ కలుపుతాయి. డైనమిక్ మైకు ఉండి, ఇంటర్‌ఫేస్‌లో 50 కూడా లేకపోతే, లేదా చివరి చిటికెడులో గోల పెడుతుంటే, అప్పుడు కొనండి. కండెన్సర్‌కు పెట్టొద్దు, ఆ బూస్టర్ ఫాంటమ్‌ను తానే వాడుకుంటుంది, అవతలికి పోనివ్వదు.

ఊరికే వచ్చే బూస్టర్ కూడా ఉంది, దగ్గరికి జరగడం. దూరం సగం అయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మూరలో సగం జాన. మూర నుంచి జానకు వస్తే 6. జాన నుంచి జానలో సగానికి వస్తే ఇంకో 6. పన్నెండు డెసిబెల్స్, నాలుగింతలు, ఒక్క పైసా లేకుండా! అన్నిటికంటే ముఖ్యం, ఇట్లా పెరిగేది గొంతు మాత్రమే, ఫ్యాన్ ఉన్న చోటే ఉంటుంది. గెయిన్ తిప్పితే రెండూ పెరుగుతాయి. జానలో సగానికి వచ్చినప్పుడు ప, బ, భ లు వచ్చిన చోట దబ్‌దబ్‌మని గాలి కొడుతుంది. తెలుగులో పద్యాలు చదివేవాళ్లకు ఇది పెద్ద బాధ. మైకును మూతికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, ముక్కు ఎత్తులో పెట్టి కిందికి వంచండి. ముందర పాప్ ఫిల్టర్ పెట్టండి. మరీ దగ్గరైతే గొంతు లావవుతుంది, అది కూడా చెవి పెట్టి చూసుకోండి.

రికార్డింగు లెవెల్ కూడా ఎర్రగీత దాకా ఎక్కించొద్దు. 24 బిట్‌లో పెట్టి, అన్నిటికంటే గట్టిగా పాడిన చోట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేటట్టు చూసుకోండి.

ఇక మన ఇళ్లు. మన జిల్లా పేరు ఊరూరా తిరిగేది కడప బండ వల్ల. కాళ్లకు చల్లగా, కడిగితే అద్దంలా ఉంటుంది. మైకుకు మాత్రం అది శత్రువు. దాని మీద పడిన శబ్దం దాదాపు మొత్తం తిరిగి వస్తుంది. కింద బండ, పైన స్లాబు, నాలుగు పక్కలా సిమెంటు గోడలు. చప్పట్లు కొట్టి చూడండి, ట్‌ర్‌ర్ మని మోగుతుంది. ఆ మోత పాటలో కలిసిందంటే ఏ ప్రీయాంపూ విడదీయదు. కోడిగుడ్ల అట్టలు అంటించేవాళ్లున్నారు, దయచేసి వద్దు, అవి బల్లులకు ఇల్లు తప్ప ఎందుకూ పనికిరావు. మీ అవ్వ కుట్టిన బొంతలుంటాయే, పాత చీరలవి, మందమైనవి, అవి తీయండి. లేదా దూది పరుపు. పరుపును మైకు వెనక పెట్టొద్దు, పాడే మనిషి వెనక నిలబెట్టండి. ఎందుకంటే మైకు చూసేది మనిషిని, మనిషి వెనకున్న గోడను. గోడకు అంటించకుండా జానెడు ఖాళీ వదలండి. కింద జంపఖానా. గది మూలలో కూచోవద్దు. ఇంత చేసినా కింది స్థాయి మోత, బొయ్‌మనేది, కొంచెం ఉంటుంది. పరుపుకు అది లొంగదు.

గుయ్‌మనే మోత గురించి ఒక మాట. అది 50 హెర్ట్జ్‌ది, దాని పిల్లలు 100, 150. కరెంటుది. ఫ్యాన్‌కు గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే ఫ్యాన్ నెమ్మదిగా ఉన్నప్పుడే జాస్తి జివజివ పుట్టిస్తుంది, మొత్తం ఆపితేనే సుఖం. ల్యాప్‌టాప్ చార్జర్ రెండు పిన్నులదైతే దాన్ని తీసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. మోత పోయిందంటే దొంగ దొరికినట్టే. ఇక ఎర్తు సంగతి. మన దిక్కు ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోయి రాయి అవుతుంది. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన గుంతైనా తడి లేకపోతే పనిచేయదు, నీళ్లు పోస్తుండాల. ఎలక్ట్రీషియన్ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టులు కొలిపించండి. రెండు మూడు దాటితే సరిచేయించండి. మోత పోతుందని మూడో పిన్ను విరిచేసే మేధావులున్నారు, వాళ్లే తర్వాత మైకు మూతికి తగిలి జివ్వుమందని చెప్తారు. జివ్వుమనేదాంతో ఆగకపోవచ్చు, ఆ పని చేయొద్దు.

(సభలో ఒక అమ్మాయి: అన్నా, నేను పిల్లల కథలు చదువుతా. ఏటీ2020, చిన్న ఇంటర్‌ఫేస్. బుస వస్తుంది. బూస్టర్ కొనాలా?)

వద్దమ్మా. నీది చేదబావి. గెయిన్ యాడ పెడుతున్నావు? సగానికి పైనా? అంటే దూరం కూచుంటున్నావు. జానెడుకు రా, ఫ్యాన్ ఆపు, గెయిన్ తగ్గించు. రేపు రాత్రి చదివి చూడు. అప్పటికీ బుస ఉంటే మైకు తీసి, అదే గెయిన్‌లో ఊరికే రికార్డు చెయ్యి. బుస పోతే అది గదిదో మైకుదో. పోకపోతే ప్రీయాంప్‌ది, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

(ఇంకొకరు: డప్పు రికార్డు చేస్తే చిరిగినట్టు వస్తోంది.)

డప్పుకు గెయిన్ కాదు తమ్ముడూ కావాల్సింది, కళ్లెం. దగ్గర పెడితే కండెన్సర్ అర వోల్టు దాకా సొంతంగానే ఇచ్చేస్తుంది. ప్రీయాంప్ సున్నాలో ఉన్నా కొన్నిటికి అది మోయలేని బరువు. లోపలికి వచ్చేదాన్ని తగ్గించే ప్యాడ్ అని బటన్ ఉంటే నొక్కు. లేదంటే డైనమిక్ మైకు పెట్టి మూడు మూరలు వెనక్కు పో. నీకు గెయిన్ తక్కువ ఉన్న చౌక ఇంటర్‌ఫేసే సరిపోతుంది, అదృష్టవంతుడివి. కొనేటప్పుడు మైక్ ఇన్‌పుట్ గరిష్ఠ లెవెల్ ఎంతో చూసుకో, అంతే.

(ఒక పెద్దాయన: మా ఇంట్లో పాత మిక్సర్ ఉంది. దాని ప్రీయాంప్ వాడుకోవచ్చా నాయనా?)

ఎందుకు వాడకూడదు సార్, మంచిది. దాని మెయిన్ అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు తీసుకోండి. నాబులు కరకరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టించండి. ఎఫెక్టులు సున్నాలో, ట్రెబులూ బాసూ మధ్యలో పెట్టండి. డబ్బు ఖర్చు లేని ప్రీయాంప్ అంటే మీదే.

సరే, ఇంక వాగను. ఆ అవ్వ పాట తెచ్చినా. రెండు రికార్డింగులు, ఒకటి నారింజ దీపం పెట్టెతో, ఇంకొకటి కరెంటు పోయినప్పటిది. ఏది ఏదో నేను చెప్పను, మీరే చెప్పాల. హాల్లో ఫ్యాన్లన్నీ ఆపండి. కొంచెం ఉక్కపోస్తుంది, ఓర్చుకోండి, అవ్వ ఓర్చుకునింది. ఆ మూలది కూడా తమ్ముడూ. అదే, కిర్రుకిర్రుమంటోంది చూడు, అది.